పాత బ్యాకప్ తీసేయడం: సిస్టమ్ అడ్మిన్ కొలువుకు అసలు పరీక్ష

అమీర్‌పేటలో గానీ, విజయవాడ, విశాఖల్లో గానీ లినక్స్ అడ్మినిస్ట్రేషన్, ఒరాకిల్ డీబీఏ, క్లౌడ్, డెవాప్స్ కోర్సుల్లో చేరే విద్యార్థులకు ముందుగా సర్వర్ ఎలా నిలబెట్టాలో నేర్పుతారు. యూజర్లను ఎలా సృష్టించాలో, డేటాబేస్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, బ్యాకప్ ఎలా తీయాలో చెబుతారు. పాత బ్యాకప్‌లను తీసేయడం మాత్రం చాలాచోట్ల ఒక్క కమాండ్‌తో ముగిసిపోయే పాఠం. ఉద్యోగంలో చేరాక ఈ వరస తిరగబడుతుంది. సపోర్ట్ టీమ్‌లో కొత్తగా చేరినవారి చేతికి కొత్త సర్వర్ కట్టే పని రావడానికి నెలలు పట్టవచ్చు. ‘డిస్క్ 90 శాతం నిండింది, చూడండి’ అన్న టికెట్ మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. ఆ డిస్క్‌లో చోటు తినేస్తున్నవి ఏమిటని వెతికితే తరచుగా కనబడేవి పాత బ్యాకప్‌లు, పాత లాగ్ ఫైళ్లే. అందుకే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వైపు రావాలనుకునే విద్యార్థి అందరికంటే శ్రద్ధగా నేర్చుకోవాల్సింది ఈ తీసేసే పనే అని నేను గట్టిగా చెబుతాను. కమాండ్ నోటికి వచ్చినంత మాత్రాన ఏ సంస్థా ప్రొడక్షన్ సర్వర్ అప్పగించదు. ఏది తీసేయవచ్చో, ఏది తీసేయకూడదో కారణాలతో చెప్పగలిగినవారికే అప్పగిస్తుంది.

‘స్టోరేజ్ ఇప్పుడు చవక, అసలు తీసేయడం ఎందుకు’ అని కొందరు అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. 300 గిగాబైట్ల డేటాబేస్‌కు రోజూ పూర్తి బ్యాకప్ తీస్తే, కుదించకుండా ఉంచిన పక్షంలో, నెల తిరిగేసరికి 9 టెరాబైట్లవుతుంది. ఒక మోస్తరు సంస్థలో ఇలాంటి డేటాబేస్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. వాటికి తోడు మరో ఊళ్లో ఇంకో కాపీ ఉంచాలంటే ఆ అంకె రెట్టింపవుతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా అసలు ప్రమాదం వేరే ఉంది. బ్యాకప్ డిస్క్ నిండిపోతే ఈ రాత్రి తీయాల్సిన బ్యాకప్ ఆగిపోతుంది. ఒరాకిల్‌లో ఆర్కైవ్ లాగ్‌లు దాచే చోటు నిండితే మార్పులు నమోదు చేసే పని స్తంభించి, డేటాబేస్ మొత్తం కదలకుండా ఆగుతుంది. ఓఆర్ఏ-00257 అన్న ఎర్రర్ సంఖ్య డీబీఏలందరికీ కంఠతా వచ్చేది ఇందుకే. అంటే పాతవాటిని వేళకు తీసేయకపోతే కొత్తవి పుట్టవు. బ్యాకప్ తీయడంలో తీసేయడం కూడా ఒక భాగం. దాన్ని శుభ్రత పనిగా చూసి అందరికంటే చిన్న ఉద్యోగి మీదికి నెట్టే సంస్థలు నష్టపోయిన దాఖలాలు బహిరంగంగానే ఉన్నాయి.

వాటిలో విద్యార్థులు తప్పకుండా చదవాల్సింది జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబర్‌లో జరిగిన సంఘటన. అక్కడి సూపర్‌కంప్యూటర్ నిర్వహణను హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ జపాన్ విభాగం చూసేది. బ్యాకప్ తీసే స్క్రిప్ట్‌లోనే, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో వెతికి తీసేసే వరస ఒకటి ఉండేది. ఆ స్క్రిప్ట్ చదవడానికి ఇంకాస్త స్పష్టంగా ఉండాలని కొన్ని మార్పులు చేశారు. వాటిలో ఒక వేరియబుల్ పేరు మార్చడం కూడా ఉంది. మార్చిన స్క్రిప్ట్‌ను పాతదాని మీదే రాసేశారు. అప్పటికి పాత స్క్రిప్ట్ ఇంకా నడుస్తోంది. బ్యాష్ షెల్ స్క్రిప్ట్ మొత్తాన్ని ముందే చదివి పక్కన పెట్టుకోదు. నడిచే కొద్దీ ఫైల్‌లోంచి ముక్కలు ముక్కలుగా చదువుతుంది. కాబట్టి సగం పాతది, సగం కొత్తది నడిచింది. డైరెక్టరీ పేరు ఉండాల్సిన వేరియబుల్‌లో ఏమీ లేదు. లాగ్ డైరెక్టరీలో వెతకాల్సిన ఫైండ్ పరిశోధకుల డేటా ఉన్న పెద్ద స్టోరేజ్ మీద పడింది. డిసెంబర్ 14 సాయంత్రం నుంచి 16 మధ్యాహ్నం దాకా అది తన పని తాను చేసుకుపోయింది. 77 టెరాబైట్లు, సుమారు 3.4 కోట్ల ఫైళ్లు పోయాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోతే, వాటిలో నాలుగింటి డేటాను బ్యాకప్ నుంచి కూడా తిరిగి తేలేమని విశ్వవిద్యాలయం ప్రకటించింది. పూర్తి బాధ్యత తమదేనని నిర్వహణ చూసిన సంస్థ ఒప్పుకుంది.

ఈ సంఘటనలో గమనించాల్సింది ఏమిటంటే, ఫైండ్ కమాండ్ తప్పు కాదు. రాసినవారికి ఫైండ్ రాకపోవడమూ కాదు. పది రోజులన్న నియమం కూడా సబబైనదే. తప్పంతా ఆ కమాండ్ ఏ పరిస్థితిలో నడుస్తుంది అన్న ప్రశ్న దగ్గర ఉంది. 2015 జనవరిలో స్టీమ్ గేమ్ సాఫ్ట్‌వేర్ లినక్స్ వెర్షన్‌లో బయటపడ్డ లోపం కూడా ఈ కోవకే చెందుతుంది. తన ఫోల్డర్ ఎక్కడుందో కనుక్కుని, ఆ దారిని వేరియబుల్‌లో ఉంచి, దాని కింద ఉన్నవన్నీ తీసేయాలని స్క్రిప్ట్‌లో ఉంది. ఫోల్డర్ దొరకనప్పుడు వేరియబుల్ ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ పక్కన ఉన్న స్లాష్ గుర్తు మొత్తం కంప్యూటర్‌కు మూలమైన రూట్ డైరెక్టరీగా మారింది. కొందరు వాడకందారులు తమ ఫైళ్లన్నీ పోగొట్టుకున్నారు. ఆర్‌ఎం కమాండ్‌కు రూట్ డైరెక్టరీని కాపాడే ఏర్పాటు ఉంది కదా అంటే, నిజమే, గ్నూ ఆర్‌ఎంలో అది మామూలుగానే ఉంటుంది. కానీ స్లాష్ తర్వాత నక్షత్రం గుర్తు పెడితే షెల్ దాన్ని ముందే విడదీసి లోపలి డైరెక్టరీల పేర్లుగా మార్చి ఆర్‌ఎంకు ఇస్తుంది. అప్పుడు ఆర్‌ఎం కంటికి రూట్ కనబడదు. కాపాడే ఏర్పాటు అడ్డుపడదు.

ఇక్కడే శిక్షణలో లోతు తెలుస్తుంది. స్క్రిప్ట్ మొదట్లో ‘సెట్ మైనస్ యూ’ అని రాయాలని చాలామంది చెబుతారు. నిర్వచించని వేరియబుల్ తగిలితే స్క్రిప్ట్ ఆగిపోతుంది. మంచి అలవాటే. అయితే స్టీమ్ స్క్రిప్ట్‌లో వేరియబుల్ నిర్వచితమే, అందులో విలువ మాత్రం లేదు. సెట్ మైనస్ యూ దాన్ని పట్టుకోలేదు. వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం చేర్చి రాస్తే ఖాళీగా ఉన్నా ఆగుతుంది. ఈ తేడాను ఇంటర్వ్యూలో రెండు వాక్యాల్లో చెప్పగలిగిన అభ్యర్థిని ఎదుట కూర్చున్నవారు మర్చిపోరు. ఫైండ్‌లోనూ ఇలాంటి మెలికలున్నాయి. ఫైండ్ తన షరతులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. పేరు, వయసు షరతులు ముందు రాసి చివర మైనస్ డిలీట్ పెడితే షరతులకు సరిపోయినవే పోతాయి. మైనస్ డిలీట్ ముందుకు వస్తే షరతుల దాకా వెళ్లకముందే ఆ డైరెక్టరీ కింద ఉన్నదంతా పోతుంది. ‘మైనస్ ఎంటైమ్ ప్లస్ 30’ అంటే ముప్పై రోజులు దాటినవి అనుకుంటాం. ఫైండ్ వయసును 24 గంటల ముక్కల్లో కొలిచి, మిగిలిన గంటలను వదిలేస్తుంది. కాబట్టి కనీసం 31 రోజులు నిండినవే దానికి చిక్కుతాయి. అందువల్ల ముందు మైనస్ ప్రింట్‌తో జాబితా తీసుకోవాలి, ఆ జాబితాను ఫైల్‌లో దాచాలి, లెక్క సరిపోయిందో లేదో చూడాలి, ఆ తర్వాతే ప్రింట్ ఉన్న చోట డిలీట్ రావాలి. ఈ వరస మీ వేళ్లకు అలవాటు కావాలి.

కమాండ్ తప్పు లేకుండా కొట్టడం వచ్చాక అసలు కష్టమైన ప్రశ్న మొదలవుతుంది. ఏది పాతది? తేదీని బట్టి చెప్పవచ్చని కొత్తవారు అనుకుంటారు. ఆదివారం పూర్తి బ్యాకప్ తీసి, సోమవారం నుంచి శనివారం వరకు రోజూ మారిన భాగాన్ని మాత్రమే తీసే పద్ధతిని ఊహించండి. ఏడు రోజులు దాటినవి తీసేయాలని నియమం పెడితే ముందుగా పోయేది ఆదివారం నాటి పూర్తి బ్యాకప్. దాని మీద ఆధారపడ్డ సోమ, మంగళ, బుధవారాల బ్యాకప్‌లు డిస్క్ మీద చక్కగా ఉంటాయి, జాబితాలో కనబడతాయి, ఎందుకూ పనికిరావు. పునాది రాయి తీసేసి పై అంతస్తులు ఉన్నాయి కదా అని లెక్కపెట్టుకోవడం లాంటిదిది. దీనికి పూర్తి విరుద్ధంగా ఆర్‌స్నాప్‌షాట్ వంటి సాధనాల్లో మారని ఫైళ్లన్నీ హార్డ్ లింకులుగా ఉంటాయి. అక్కడ పాత రోజు డైరెక్టరీ మొత్తం తీసేసినా కొత్త రోజులకు ఏ నష్టమూ లేదు. కాకపోతే ఎంతో చోటు మిగులుతుందనుకుంటే అతి కొద్దిగానే మిగులుతుంది, ఎందుకంటే ఆ ఫైళ్లకు మిగతా రోజుల్లో ఇంకా లింకులున్నాయి. పైకి ఒకేలా కనబడే రెండు డైరెక్టరీల్లో ఒకటి తీసేస్తే ప్రమాదం, మరొకటి తీసేస్తే నిరపాయం. తేడా తెలియాలంటే ఆ బ్యాకప్ ఎలా తయారైందో తెలియాలి.

అందుకే ప్రతి బ్యాకప్ సాధనం తన పాతవాటిని తీసేయడానికి తన సొంత కమాండ్ ఇస్తుంది. ఒరాకిల్ ఆర్‌మ్యాన్‌లో ‘రిపోర్ట్ అబ్సొలీట్’ అంటే నిలుపుదల నియమం ప్రకారం ఇక అక్కర్లేనివేవో చూపిస్తుంది, ‘డిలీట్ అబ్సొలీట్’ అంటే వాటిని తీసేస్తుంది. ఆ ఫైళ్లను నేరుగా ఆర్‌ఎంతో తీసేస్తే ఆర్‌మ్యాన్ రికార్డుల్లో అవి ఇంకా ఉన్నట్టే ఉంటుంది; క్రాస్‌చెక్ చేసేదాకా అది లేని బ్యాకప్‌ను నమ్ముకుని ఉంటుంది. విండోస్ సర్వర్‌లో డబ్ల్యూబీఅడ్మిన్‌తో ఏ వెర్షన్లున్నాయో ముందు చూసి, ఎన్ని ఉంచాలో చెప్పి మిగతావి తీసేయవచ్చు. ఆపిల్ మ్యాక్‌లో టైమ్ మెషిన్ బ్యాకప్‌లకు టీఎమ్‌యుటిల్ ఉంది. రెస్టిక్‌లో ‘ఫర్గెట్’ స్నాప్‌షాట్ పేరును మాత్రమే తీసేస్తుంది, ‘ప్రూన్’ నడిస్తే గానీ డిస్క్ ఖాళీ కాదు. రోజువారీ 7, వారంవారీ 4, నెలవారీ 12 ఉంచమని ఒకే వరసలో చెప్పవచ్చు. డ్రై రన్ అడిగితే ఏది పోతుందో ముందే చూపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్ అనే డైరెక్టరీ ఉండేది. అందులో ఉన్నవి మామూలు లాగ్‌లనుకుని డిస్క్ ఖాళీ చేయడానికి తీసేసి డేటాబేస్‌ను పాడుచేసుకున్నవారు ఎంతోమంది. ఆ బాధ పడలేక 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో దాని పేరును పీజీ వాల్ అని మార్చారు. ఒక డేటాబేస్ తయారీదారులు డైరెక్టరీ పేరే మార్చుకోవాల్సి వచ్చిందంటే, తీసేసే పనిలో తొందర ఎంత విస్తారంగా ఉందో అర్థం చేసుకోవచ్చు.

తీసేసే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఇది: మిగిలే బ్యాకప్ నిజంగా పనిచేస్తుందా? గిట్‌ల్యాబ్ సంస్థ 2017 జనవరి 31 రాత్రి నేర్చుకున్నది అదే. డేటాబేస్ నకలు వెనకబడిపోతుంటే, నకలు సర్వర్‌లోని డేటా డైరెక్టరీని ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలని ఒక ఇంజినీర్ అనుకున్నారు. అలసిన రాత్రివేళ, రెండు టెర్మినళ్ల మధ్య పొరపాటు పడి, ఆ కమాండ్‌ను అసలు సర్వర్ మీద నడిపారు. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర గిగాబైట్లు. ఇంతవరకు ఇది ఒక మనిషి పొరపాటు. అసలు కథ ఆ తర్వాత తెలిసింది. రోజూ తీయాల్సిన డేటాబేస్ డంప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నాయి. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది. విఫలమైనట్టు వెళ్లాల్సిన ఈమెయిళ్లు మెయిల్ భద్రతా నియమాల వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. క్లౌడ్ డిస్క్ స్నాప్‌షాట్‌లు డేటాబేస్ సర్వర్లకు పెట్టనే లేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి సంస్థ గట్టెక్కింది. ఆరు గంటల డేటా మాత్రం పోయింది. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 700 కొత్త ఖాతాల మీద ఆ దెబ్బ పడింది. తిరిగి తెచ్చే ప్రయత్నాన్ని ఆ సంస్థ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, కారణాలన్నీ రాసి అందరికీ అందుబాటులో ఉంచింది. పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం అందులో ఉంది, దాన్ని మూలంలోనే చదవండి.

గిట్‌ల్యాబ్ ఆ ఇంజినీర్ పేరు తన నివేదికలో రాయలేదు, తప్పును ఏర్పాట్లలో వెతికింది. అన్ని సంస్థలూ అలా ఉండవు. 2021లో అమెరికాలోని డాలస్ నగరపాలక సంస్థలో పోలీసు ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించేటప్పుడు 22 టెరాబైట్లు తుడిచిపెట్టుకుపోయాయి. అందులో సుమారు 8 టెరాబైట్లు తిరిగి రాలేదు. ఆ పని చేసిన ఉద్యోగిని తొలగించారు. హైదరాబాద్ నుంచి అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసే యువతీయువకులకు ఈ రెండు కథలూ దగ్గరివే. వారి పని రాత్రి షిఫ్టులో, ఒకేసారి నాలుగైదు టెర్మినళ్లు తెరిచి సాగుతుంది. టెర్మినల్ మీద ఏ సర్వర్ పేరుందో చదివి గానీ ఎంటర్ నొక్కకపోవడం, ప్రొడక్షన్ టెర్మినల్‌కు వేరే రంగు పెట్టుకోవడం, ఛేంజ్ టికెట్‌లో కమాండ్‌ను ముందే రాసి మరొకరితో చదివించడం, ఇవన్నీ పిరికితనం కింద లెక్కకావు. సీనియర్లు తొందర పెట్టినప్పుడు ‘సార్, జాబితా ఒకసారి చూసి ఓకే చెప్పండి’ అని మర్యాదగా, రాతపూర్వకంగా అడగగలగడం కూడా నైపుణ్యమే. మన పిల్లల్లో చాలామంది పెద్దవాళ్లు చెప్పారు కదా అని ఎదురు అడగరు. ఈ ఉద్యోగంలో అడగాలి.

ఎదురు అడగాల్సిన సందర్భాల్లో చట్టం ఒకటి. మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల బ్యాకప్ భారతదేశంలోని సర్వర్లలో రోజూ ఉంచాలని 2022లో నిబంధనలు సవరించారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచాలని ఉంది. అంటే లాగ్‌లకు పది రోజుల నియమం పెట్టే ముందు అవి ఏ లాగ్‌లో తెలుసుకోవాలి. మరోవైపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, పని తీరిపోయిన వ్యక్తిగత డేటాను, వేరే చట్టం ఉంచమననంత వరకు, తొలగించాలని చెబుతోంది. ఒక చట్టం ఉంచమంటుంది, ఇంకోటి తీసేయమంటుంది. రెండూ ఒకే బ్యాకప్‌లో కలిసి ఉండవచ్చు. అమెరికా క్లయింట్లకు మరో కట్టుబాటు ఉంది. కోర్టు వివాదం మొదలైతే దానికి సంబంధించిన రికార్డులు ఏవీ చెరిపేయకూడదు. లారా జుబులేక్ అనే ఉద్యోగిని యూబీఎస్ బ్యాంకు మీద వేసిన వివక్ష కేసులో కొన్ని బ్యాకప్ టేపులు కనబడకపోవడం, ఈమెయిళ్లు చెరిపేయడం బ్యాంకుకు వ్యతిరేకంగా పనిచేశాయి. 2005లో జ్యూరీ ఆమెకు సుమారు 2.9 కోట్ల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. ఫ్రెషర్ న్యాయశాస్త్రం చదవనక్కర్లేదు. నిలుపుదల నియమం ఎవరు పెట్టారు, ఎక్కడ రాసి ఉంది అన్న ప్రశ్న అడిగితే చాలు.

‘ఇప్పుడంతా క్లౌడ్, నియమం పెడితే అదే తీసేస్తుంది, కమాండ్ లైన్ ఎందుకు’ అన్న అభ్యంతరం బలమైనదే. అమెజాన్ ఎస్3లో లైఫ్‌సైకిల్ నియమం రాస్తే 90 రోజులు దాటినవి వాటంతటవే పోతాయి. కానీ నియమం రాసేది మనిషే. చేత్తో కొట్టిన తప్పు కమాండ్ ఒకసారి నష్టం చేస్తుంది, తప్పు నియమం ప్రతి రాత్రీ చేస్తుంది, అడగకుండా చేస్తుంది. క్యోటోలో జరిగింది కూడా ఆటోమేషన్ చేసిన నష్టమే. అదీగాక క్లౌడ్‌లో తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా పెద్ద సమస్య. కోడ్ స్పేసెస్ అనే సంస్థ 2014 జూన్‌లో ఒక దుండగుడికి తన అమెజాన్ ఖాతా అదుపు పోగొట్టుకుంది. డేటా, స్నాప్‌షాట్‌లు, బ్యాకప్‌లు అన్నీ ఆ ఒక్క ఖాతా కిందే ఉండేవి. చాలావరకు తుడిచేశాడు. సంస్థ మూతపడింది. విండోస్ షాడో కాపీలను చెరిపే వీఎస్ఎస్అడ్మిన్ కమాండ్‌ను అడ్మిన్లూ వాడతారు, రాన్సమ్‌వేర్ దుండగులూ వాడతారు; అందుకే ఆ కమాండ్ నడవగానే చాలా సంస్థల భద్రతా వ్యవస్థలు అలారం మోగిస్తాయి. తీసేసే అధికారాన్ని బ్యాకప్ తీసే ఖాతాకు ఇవ్వకపోవడం, గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని ఆబ్జెక్ట్ లాక్ పెట్టడం వంటి ఏర్పాట్లు అర్థం కావాలంటే, తీసేయడం అంటే ఏమిటో కింది నుంచి తెలిసి ఉండాలి.

కృత్రిమ మేధ కమాండ్లు రాసి పెడుతున్నప్పుడు ఇవన్నీ నేర్చుకోవాలా అన్నది కొత్త తరం ప్రశ్న. కమాండ్ రాయడంలో అది సాయం చేస్తుంది, కాదనను. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏఐ ఏజెంట్, మార్పులేవీ చేయవద్దని చెప్పి ఉన్నా, ఒక వ్యాపారవేత్త ప్రాజెక్టులోని ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసింది. పైగా తిరిగి తేవడం కుదరదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే కుదిరింది. సంస్థ అధిపతి క్షమాపణ చెప్పారు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. యంత్రం రాసిన కమాండ్‌ను చదివి ఆపగలిగిన మనిషి కావాలి. యంత్రం కుదరదన్నప్పుడు కుదురుతుందేమో చూడగలిగిన మనిషి కావాలి. కమాండ్ టైప్ చేయడానికి మాత్రమే జీతం ఇచ్చే ఉద్యోగాలు తగ్గిపోవచ్చు. దాన్ని ఒప్పుకోవడానికో, ఆపడానికో తగిన తీర్పు ఉన్నవారి అవసరం తగ్గే సూచన నాకు కనబడటం లేదు.

‘ఫ్రెషర్‌కు ప్రొడక్షన్‌లో తీసేసే హక్కు ఎవరిస్తారు, అనుభవం ఎలా వస్తుంది’ అంటారా? హక్కు ఇవ్వకపోవడం సరైనదే. అభ్యాసానికి ప్రొడక్షన్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుని ఒక లినక్స్ మెషిన్ పెట్టుకోండి. టచ్ కమాండ్‌కు మైనస్ డీ ఇచ్చి పాత తేదీలతో అరవై రోజుల ఉత్తుత్తి బ్యాకప్ ఫైళ్లు సృష్టించండి. ఫైండ్‌తో జాబితా తీయండి, 30కీ 31కీ తేడా కళ్లారా చూడండి. పేరులో ఖాళీ ఉన్న ఫైల్ ఒకటి కలిపి స్క్రిప్ట్ తడబడుతుందేమో పరీక్షించండి. ఒక పెద్ద ఫైల్‌ను ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి ఉండగా తీసేసి డీఎఫ్, డీయూ లెక్కలు ఎందుకు కలవవో కనుక్కోండి; తెరిచి ఉన్న ప్రోగ్రామ్ వదిలేదాకా ఆ చోటు తిరిగి రాదు, ఎల్ఎస్ఓఎఫ్ ఆ ప్రోగ్రామ్ ఏదో చూపిస్తుంది. లినక్స్ ఇంటర్వ్యూల్లో పదేపదే వచ్చే ప్రశ్నల్లో ఇదొకటి. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలుండవు, సిస్టమ్ ముందు కూర్చుని చేసి చూపించాలి; ఫైళ్లతో పనిచేయడం అందులో భాగం. ఇలా సాధన చేసినవారికి ఆ పరీక్ష భయపెట్టదు. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ లేదనో, తెలుగు మాధ్యమంలో చదివామనో వెనకాడేవారికి కూడా ఇది అందే దారి. ఇక్కడ ఇంగ్లిష్ ఉచ్చారణ కంటే ఎదుట కనబడే ఫలితమే ఎక్కువ మాట్లాడుతుంది.

బ్యాకప్ అడ్మిన్, స్టోరేజ్ ఇంజినీర్, డీబీఏ, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, క్లౌడ్ ఆపరేషన్స్ వంటి ఉద్యోగాలన్నిటికీ రెజ్యూమేలో ‘బ్యాకప్, రికవరీ తెలుసు’ అన్న వాక్యం అందరూ రాస్తారు. ఆ వాక్యానికి బదులు ఒక చిన్న ప్రాజెక్టు చూపించండి. ముందు జాబితా తీసి, కొత్త బ్యాకప్‌ను వేరేచోట రీస్టోర్ చేసి సరిపోల్చి, అది సరిగ్గా ఉంటేనే పాతది తీసేసి, ఏది ఎప్పుడు ఎందుకు తీసేసిందో రాసిపెట్టే స్క్రిప్ట్ అది. వంద వరసలు కూడా అక్కర్లేదు. వేరియబుల్ ఖాళీగా ఉంటే ఏమవుతుంది, స్క్రిప్ట్ నడుస్తుండగా మారిస్తే ఏమవుతుంది, రీస్టోర్ విఫలమైతే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు దాని పక్కనే తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. తర్వాతి ఇంటర్వ్యూకు వెళ్లే ముందే ఈ పని పూర్తి చేయండి; ‘డిస్క్ నిండింది, ఏం చేస్తారు’ అని అడిగినప్పుడు ఆ స్క్రిప్ట్ తెరిచి చూపించి, మొదట ఏమీ తీసేయనని చెప్పి, అక్కడి నుంచి మాట్లాడండి.